కచేరీకి ముందు వచ్చేవాళ్లు

ఫ్రాన్స్‌లో వాండే ప్రాంతంలో తిరే అని ఓ చిన్న పల్లె. హార్ప్సికార్డ్ విద్వాంసుడు విలియం క్రిస్టీ 1985లో అక్కడ పాడుబడ్డ ఇల్లొకటి కొని, బాగుచేసి, చుట్టూ తోటలు వేశాడు. 2012లో ఆ తోటల్లోనే బరోక్ సంగీతోత్సవం మొదలైంది. ఆయన 1979లో స్థాపించిన బృందంతో పాటు బయటినుంచి వచ్చిన యువ కళాకారులూ అక్కడ పాడతారు, వాయిస్తారు.

చప్పట్లన్నీ వాళ్లకే. నా దండం మాత్రం హార్ప్సికార్డుకు శ్రుతి చేసేవాళ్లకి. ఈ వాద్యంలో పియానోలా సుత్తులుండవు. మెట్టు నొక్కితే లోపల సన్నని ముల్లు లేచి తీగను మీటుతుంది. ఒకప్పుడది పక్షి ఈక, ఇప్పుడు ఎక్కువగా ప్లాస్టిక్. తీగలు వందకు పైమాటే. ఎండ కాసినా తేమ పట్టినా చెక్క కదిలి శ్రుతి జారుతుంది. అలాంటిదాన్ని ఆరుబయట పెట్టడం, నన్నడిగితే, సాహసమే!

బరోక్ కచేరీల్లో ఆధార స్వరం తరచూ ఇప్పటి మామూలు 440 హెర్ట్జ్ కాదు, 415. దాదాపు అరస్వరం కిందికి. ముందు ఆ స్వరం పట్టుకుని, పంచమాలు, అష్టమాలు కలుపుకుంటూ పోవాలి. శ్రుతి చేసే తాళంచెవితో తీగ బిరడాను వెంట్రుకవాసి తిప్పి, రెండు తీగల మధ్య వణుకును చెవితో లెక్కగట్టాలి. పంచమాలన్నీ శుద్ధంగా పెడితే చివర లెక్క కుదరదు. కాస్త కాస్త తగ్గించాలి. ఎక్కడ ఎంతన్నదే పనితనం. పక్కన కుర్చీలు జరుపుతుంటే ఎలా వింటారో ఏమో! విరామంలో జనం లేచి వెళ్లగానే మళ్లీ తాళంచెవి పట్టుకుని కూర్చుంటారు.