సున్నం కొట్టని తెలుపు

రిపబ్లిక్ డే దగ్గరపడిందంటే మా కాలనీ పార్కులో వేపచెట్లకు తిప్పలు మొదలవుతాయి. ఈ వారం మళ్లీ నడుము దాకా సున్నం, పైన జాజు పట్టీ. చెదలు పట్టకుండానట! చెట్లకు సున్నం కొట్టడంతో నాది పాత వైరం. ఫొటో తీసి ఇంగ్లండులో ఉన్న మా అన్నయ్య కూతురికి పంపితే జవాబుగా మరో ఫొటో వచ్చింది. "ఇక్కడా కొట్టారు చూడు బాబాయ్!" అని ఎత్తిపొడుపు.

కేంబ్రిడ్జి దగ్గర యాంగిల్సీ అబీ అనే తోట అది. నిలువునా తెల్లటి మానులు. సున్నం కాదు, ఆ చెట్టు బెరడే అంత. మన హిమాలయాల భూర్జవృక్షం. కశ్మీరులో పండితులు గ్రంథాలు రాసుకున్నది దీని బెరడు మీదే.

అక్కడ డిసెంబరు చివర నాలుగింటికే పొద్దుగుంకుతుంది. మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దిక్చక్రం నుంచి 15 డిగ్రీల ఎత్తు దాటడు. అదీ ముసురు విడిస్తే. పూలను నమ్ముకుంటే లాభం లేదని తోటలు వేసేవాళ్లు బెరళ్లను నమ్ముకున్నారు. ఎర్రకొమ్మల కార్నస్ పొదల్ని వసంతం మొదట్లో మొదలంటా నరికేస్తారు. మంచి రంగు కొత్తగా వేసిన కొమ్మకే ఉంటుంది మరి. ఏటవాలు ఎండ పడే వైపు చూసి మరీ నాటుతారు. చలికి తలవంచుకుని నడిచేవాడు ఏదీ చూడడు కనక బాట మలుపులో డాఫ్నీ అనే సువాసన పూల పొద పెడతారు, ముక్కు కోసం. నడిశీతాకాలంలో పూసే ఈ పొద కూడా హిమాలయాలదే. నేపాలు కాగితం తయారయ్యేది దీని బెరడు నారతో. మన వైపు రాతకు పనికొచ్చిన రెండు బెరళ్లూ అక్కడ చీకటికి మందయ్యాయి.

భూర్జం తెలుపు ఊరికే నిలవదు, తేమకు పాచి పడుతుంది. అందుకని తోటమాలులు మానుల్ని నీళ్లతో కడుగుతారు. చెట్టుకు సింగారమేమిటని నిత్యం గొణిగే నాకు ఇది మింగుడుపడకూడదు. కానీ వెలుతురు కరువైనచోట తెలుపు సింగారం కాదు, అవసరం. ఆ లెక్కన వీధిదీపాలు లేని మన జిల్లా రోడ్ల మీద, పొగమంచు దిగే పుష్యమాసంలో, లారీ లైట్లకు తెల్లగా తగిలే చింతమొదలు కూడా అవసరమే. వాటికి కొట్టండి, నాకు అభ్యంతరం లేదు.

జనవరి ఎండ ధారాళంగా కాసే పార్కులో, చీకటిపడితే గేటు మూసేచోట, వేపచెట్టు ఎవరికి దారి చూపాలి? కాలనీ సంఘం అధ్యక్షులవారూ, వచ్చే ఏడు ఆ సున్నం డబ్బుతో మొదళ్ల చుట్టూ పోసిన సిమెంటు తవ్వించండి.