జ్ఞాపకార్థ కూడిక నుంచి జీవితచరిత్ర దాకా: డోర్నకల్ పరిచారకుల స్మృతి – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

తెలుగు క్రైస్తవ సమాజంలో ఒక సేవకుడు మరణించినప్పుడు జ్ఞాపకార్థ కూడిక జరుగుతుంది. ఆ సందర్భంలో తరచు ఒక చిన్న పుస్తకమో కరపత్రమో అచ్చవుతుంది. అందులో కథనం సాధారణంగా ఒకే వరుసలో నడుస్తుంది: జననం, రక్షణానుభవం, బాప్తిస్మం, సేవకు పిలుపు, వివాహం, పరిచర్య చేసిన ఊళ్లు, సంతానం, చివరికి ప్రభువునందు నిద్ర. దీని తర్వాత బంధువుల, తోటి సేవకుల సాక్ష్యాలు ఉంటాయి. తెలుగు జీవితచరిత్ర సాహిత్యాన్ని గురించిన చర్చలో ఈ రచనలకు దాదాపు చోటు లేదు. మతప్రచార సాహిత్యమని పండితులు వీటిని పక్కన పెట్టారు. విశ్వాసులు వీటిని పవిత్ర స్మృతిగా భావించి విమర్శకు అతీతంగా ఉంచారు. ఫలితంగా ఇవి రెండు వైపుల నుంచీ నిశిత పఠనానికి నోచుకోలేదు.

సేవకుని జీవితాన్ని స్మరించే రచన ఎవరిని గుర్తుంచుకొంటుంది, ఎవరిని లెక్కలో కలిపి వదిలేస్తుంది అన్నది ఇక్కడ ప్రధాన ప్రశ్న. పూర్వపు వరంగల్ జిల్లాలోని డోర్నకల్ ఈ పరిశీలనకు తగిన క్షేత్రం. ఒక వ్యక్తి జీవితం విస్తృతంగా గ్రంథస్థమై, ఆయనతో కలిసి పనిచేసిన వేలమంది జీవితాలు గ్రంథస్థం కాకుండా మిగిలిపోవడం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

డోర్నకల్ నేపథ్యం

వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1874 ఆగస్టు 17న తమిళదేశంలోని తిరునెల్వేలి ప్రాంతంలో, వెళ్లాళన్‌విళై అనే ఊరిలో జన్మించాడు. తండ్రి గ్రామ సంఘ కాపరి. 1903లో ఏర్పడిన తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీకి అజరయ్య వ్యవస్థాపకుల్లో ఒకడు. విదేశీ ధనం మీద ఆధారపడకుండా భారతీయ క్రైస్తవులే తమ చందాలతో, తమ మనుషులతో సువార్త పని చేయాలన్నది ఆ సంఘం సంకల్పం. అది ఎన్నుకొన్న తెలుగు క్షేత్రం నిజాం రాజ్యంలోని మానుకోట, డోర్నకల్ ప్రాంతం. అజరయ్య 1909లో గురుపట్టం పొంది అక్కడికి వచ్చాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకం పొందాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవిని అందుకొన్న తొలి భారతీయుడు ఆయనే. 1945 జనవరి 1న డోర్నకల్‌లో మరణించేవరకు ఆయన అదే మండలానికి అధ్యక్షుడు. ఆ ఊరు నేడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది.

అజరయ్యకు తెలుగు మాతృభాష కాదు. పెద్దవాడయ్యాక నేర్చుకొన్నది. ఆయన చుట్టూ చేరినవారిలో అత్యధికులు మాల, మాదిగ కులాలవారు. భూమిలేని కూలీలు, వెట్టిచాకిరీలో నలిగినవారు. మొదట చిన్నదిగా ఉన్న మండలంలోకి తర్వాత కృష్ణా, కర్నూలు ప్రాంతాల ఆంగ్లికన్ సంఘాలు కూడా చేరాయి. 1940ల తొలినాళ్లకు మండలంలోని విశ్వాసుల సంఖ్య 2 లక్షలు దాటింది. ఈ విస్తరణ ఒక్క మనిషి ప్రసంగాల వల్ల జరిగే పని కాదు. 1930ల నాటికే మండలంలో 2,000కు పైగా గ్రామోపాధ్యాయులు పనిచేస్తున్నారు. పల్లెలో బడి నడపడం, సాయంకాల ప్రార్థన చేయించడం, బాప్తిస్మానికి సిద్ధపడేవారికి పాఠాలు చెప్పడం, రోగులను పరామర్శించడం, చనిపోయినవారిని సమాధి చేయడం వారి నిత్యకృత్యం. పంతులు, ఉపదేశి, అయ్యగారు అని జనం పిలిచింది వీరినే.

రెండు జీవితచరిత్రలు

అజరయ్య మరణించిన మరుసటి సంవత్సరమే, 1946లో, కరోల్ గ్రాహం ‘అజరయ్య ఆఫ్ డోర్నకల్’ అనే గ్రంథం వెలువరించింది. అర్ధ శతాబ్దం తర్వాత, 2000లో, సూసన్ బిల్లింగ్‌టన్ హార్పర్ పరిశోధన గ్రంథం ‘ఇన్ ద షాడో ఆఫ్ ద మహాత్మ’ వచ్చింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే స్మృతి రచనలోని రెండు పద్ధతులు తెలుస్తాయి.

గ్రాహంది సన్నిహితుల స్మృతి. ఆ మండలపు పనిని దగ్గరనుంచి ఎరిగిన రచయిత్రి, ఆప్తుణ్ణి కోల్పోయిన సంఘానికి ఆయన జీవితాన్ని ఆదర్శంగా అందించింది. పిలుపు, విధేయత, శ్రమ, ఫలం అనే క్రమంలో సాగే సేవక చరిత్ర సంప్రదాయానికి ఈ గ్రంథం చెందుతుంది. దాని బలం సాన్నిహిత్యం. దాని పరిమితి కూడా అక్కడే ఉంది. శోకం చల్లారకముందు రాసిన రచన మరణించినవాని నిర్ణయాలను ప్రశ్నించడానికి జంకుతుంది. ఇది గ్రాహం ఒక్కరి లోపం కాదు, ఆ ప్రక్రియ స్వభావం.

హార్పర్ ఎన్నుకొన్న శీర్షికే ఆమె దృక్పథాన్ని తెలుపుతుంది. జాతీయోద్యమ చరిత్రలో గాంధీ మూర్తి ఎంత పెద్దదంటే, అదే కాలంలో అంటరానివారి మధ్య మరొక మార్గంలో పనిచేసిన భారతీయుడు ఆ నీడలో కనిపించకుండా పోయాడు. 1935లో యేవలాలో అంబేడ్కర్ హిందువుగా మరణించనని ప్రకటించిన తర్వాత మతాంతరీకరణ దేశవ్యాప్త వివాదంగా మారింది. ఆ సందర్భంలో గాంధీకీ అజరయ్యకూ మధ్య ఏర్పడిన వైరుధ్యాన్ని హార్పర్ వివరంగా చర్చించింది. సామూహిక మతాంతరీకరణలో గాంధీకి ఆత్మశోధన లేని గుంపు కదలిక కనిపించింది. అజరయ్యకు అందులో తరతరాలుగా నోరులేనివారి సొంత నిర్ణయం కనిపించింది. ఈ వైరుధ్యాన్ని చూపడం వల్ల హార్పర్ గ్రంథంలో అజరయ్య ప్రతిమగా కాక కాలంతో తలపడిన మనిషిగా నిలుస్తాడు.

అయితే ఈ రెండు గ్రంథాలకూ ఒక ఉమ్మడి లక్షణం ఉంది. రెండూ ఆంగ్లంలో వెలువడినవి. రెండింటికీ కేంద్రం బిషప్పే. తెలుగులో బోధించి, తెలుగులో ప్రార్థించి, తెలుగు నేలలో సమాధి అయిన వ్యక్తిని గురించిన ప్రధాన రచనలు తెలుగులో పుట్టలేదన్నది సాహిత్య చరిత్రకారులు ఆలోచించవలసిన విషయం.

లెక్కలో మిగిలినవారు

పైన పేర్కొన్న ‘2,000’ అనే సంఖ్యను ఇప్పుడు మళ్లీ చూడాలి. జీవితచరిత్రలో బిషప్పుకు బాల్యం ఉంటుంది, సందేహం ఉంటుంది, స్నేహాలు ఉంటాయి. గ్రామోపాధ్యాయునికి సంఖ్య మాత్రమే ఉంటుంది. నాయకుని ఘనతకు నిదర్శనంగా ఆ సంఖ్య వాక్యంలోకి వస్తుంది. దొరల పెత్తనం సాగే ఊరిలో, వాడ పిల్లలను పశువుల వెంట పంపకుండా బడిలో కూర్చోబెట్టిన పంతులు ఎవరిని ఎదిరించవలసి వచ్చిందో, ఏమి పోగొట్టుకొన్నాడో ఆ సంఖ్య చెప్పదు.

ఇందులో మరొక పొర స్త్రీలది. డోర్నకల్‌లో శిక్షణకు వచ్చే ఉపదేశులతోపాటు వారి భార్యలకు కూడా శిక్షణ ఇవ్వడం అజరయ్య పాటించిన పద్ధతి. ఇంటికి ఒక్కరే సేవకుడన్న భావనను ఈ పద్ధతి ఆచరణలోనే కాదంటుంది. అజరయ్య భార్య అన్బు మరియమ్మాళ్ తన తరపు తమిళ క్రైస్తవ స్త్రీలలో కళాశాల చదువు అందుకొన్న అతికొద్దిమందిలో ఒకతె. 1898లో వివాహమైన నాటినుంచి భర్త పరిచర్యలో, ముఖ్యంగా స్త్రీల మధ్య పనిలో, ఆమె భాగస్వామి. జ్ఞాపకార్థ రచనల్లో ఇటువంటి స్త్రీలకు లభించే వాక్యం దాదాపు ఒకటే: ‘సేవలో తోడ్పడిన సహధర్మచారిణి’. పల్లెల్లో ‘అమ్మగారు’ అని పిలిపించుకొన్న స్త్రీ బడిలో పాఠం చెప్పింది, పురుళ్లు పోసింది, వచ్చినవారికి వండి పెట్టింది, జీతం చాలని సంసారాన్ని ఈదింది. ఆ శ్రమనంతటినీ ‘తోడ్పాటు’ అనే ఒక్క మాట మింగివేస్తుంది. తెలుగు బైబిలు స్త్రీలను గురించి జేమ్స్ ఎలీషా తానేటి 2013లో ప్రచురించిన పరిశోధన, కులాన్నీ లింగభేదాన్నీ కలిపి చూడకపోతే ఈ చరిత్ర అర్థం కాదని నిరూపించింది.

పేరయ్య కథ చూపిన దారి

సామాన్య ఉపదేశి జీవితం రచనలోకి రావడం అసాధ్యమేమీ కాదు. దీనికి ఒంగోలు ప్రాంతపు యర్రగుంట్ల పేరయ్య కథ సాక్ష్యం. 1866లో పేరయ్య, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం పొందారు. ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషన్ పరిధిలో మాదిగల మధ్య వచ్చిన పెద్ద కదలికకు వీరి ఇల్లే తొలి మెట్టు. మిషనరీ జాన్ క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ మాదిగ పెద్దలు చెప్పిన కథలను విని, 1899లో ‘వైల్ సోయింగ్ శాండల్స్’ పేరుతో ప్రచురించింది.

ఈ గ్రంథపు విలువ ఒక ముఖ్యాంశంలో ఉంది. పేరయ్య క్రైస్తవుడు కాకముందే ఆధ్యాత్మికాన్వేషి అన్న సంగతిని అది దాచలేదు. స్థానిక గురువుల వద్ద ఆయన యోగమార్గం అభ్యసించాడు. సాధారణ సాక్ష్య రచనలో పూర్వజీవితమంతా చీకటిగానే చిత్రితమవుతుంది, వెలుగు మారుమనస్సుతోనే మొదలవుతుంది. పేరయ్య కథలో అన్వేషణ ముందే ఉంది, క్రీస్తు దానికి సమాధానంగా వచ్చాడు. ఇలా చెప్పినప్పుడు మాదిగవాడకు ఒక ఆలోచనా సంప్రదాయం ఉందని పాఠకుడు ఒప్పుకోవలసి వస్తుంది.

కాని ఈ గ్రంథానికీ లోటు ఉంది. చెప్పినవారిది తెలుగు, రాసినది ఆంగ్లం. పేరయ్య తోటివారి నుడికారం, హాస్యం, సామెత అనువాదంలో కరిగిపోయాయి. మరొక విశేషం గమనించాలి. 1914లో వెలువడిన క్లౌ ఆత్మకథను కూడా ఆయన కోసం అక్షరబద్ధం చేసినది ఎమ్మాయే. కథనం మాత్రం ఆయన ఉత్తమపురుషలో సాగుతుంది. మిషనరీ కుటుంబంలోని విద్యావంతురాలైన స్త్రీ శ్రమ సైతం భర్త ‘నేను’లో ఒదిగిపోతే, పల్లె ఉపదేశి భార్య ఏ అక్షరంలోనూ మిగలకపోవడం ఆశ్చర్యకరం కాదు.

నవల చేసిన పని

జీవితచరిత్ర చేయని పనిని తెలుగులో కొంతవరకు నవల చేసింది. జి. కళ్యాణరావు ‘అంటరాని వసంతం’ (2000) రూతు అనే వృద్ధురాలి జ్ఞాపకాల మీదుగా నడుస్తుంది. ఆమె భర్త రూబేను తన మూలాలను వెతుక్కొంటూ ఎన్నెలదిన్నికి చేరుకోవడం, అక్కడ తన పూర్వీకుడు ఎల్లన్న కళను, పాటను తెలుసుకోవడం ఈ కథలో కీలకం. ఇక్కడ జ్ఞాపకాన్ని నిలిపేది స్త్రీ. స్మృతి తరాల వెంట నడుస్తుంది. క్రైస్తవం ఇచ్చిన ఆత్మగౌరవాన్నీ, సంఘంలోకి కూడా చొరబడిన కులాన్నీ నవల ఒకేచోట చూపింది.

ఈ నవలను సేవక స్మృతికి సంపూర్ణ నమూనాగా స్వీకరించలేము. రచయిత విప్లవ సాహిత్యోద్యమానికి చెందినవాడు. తర్వాతి తరాలను ఆయన సాయుధ పోరాటం వైపు నడిపించాడు. ఆ దృష్టిలో భక్తి ఒక మజిలీ. జీవితాంతం ప్రార్థనలోనే నిలిచిన ఉపదేశికి భక్తి మజిలీ కాదు, గమ్యమే. ఆ విశ్వాసాన్ని లోపలినుంచి చూపగలిగే గద్యం ఇంకా రావలసి ఉంది. అయినా, స్తుతి లేకుండా గౌరవించడం సాధ్యమని, కులాన్ని ప్రస్తావించినంత మాత్రాన స్మృతి మలినం కాదని ఈ నవల నిరూపించింది.

ముగింపు

జ్ఞాపకార్థ పుస్తకాన్ని పరిశోధన గ్రంథపు కొలతలతో తూచడం న్యాయం కాదన్న అభ్యంతరం సమంజసమే. ఆ పుస్తకం మొదటి పని దుఃఖంలో ఉన్నవారిని ఓదార్చడం. ఓదార్పు కోరే కుటుంబం మరణించినవాని లోపాల జాబితాను ఆశించదు. విమర్శ అడగవలసినది లోపాల జాబితాను కాదు, వివరాన్ని. ‘అనేక శ్రమలకోర్చి సేవ చేసెను’ అన్న వాక్యం ఎవరికైనా సరిపోతుంది, అందువల్ల ఎవరినీ గుర్తుచేయదు. ఏ ఊరు, ఏ వాడ, ఎంత జీతం, ఎవరు నీళ్లు తోడనివ్వలేదు, బడిలో తొలిసారి అక్షరం నేర్చినవారు ఎవరు, రాత్రి ప్రార్థనకు దీపం ఎవరు తెచ్చారు అన్న వివరాలు చేరినప్పుడే ఆ సేవకుడు ఒక మనిషిగా కనిపిస్తాడు. అతని పక్కన నడిచిన స్త్రీ కూడా అప్పుడే కనిపిస్తుంది.

ఆధారాలు పూర్తిగా నశించలేదు. వరంగల్, హనుమకొండ, మహబూబాబాద్ పరిసరాల్లోని సంఘాల బాప్తిస్మ, వివాహ, సమాధి పుస్తకాలు, సమాధి రాళ్ల మీది రాతలు, వార్షికోత్సవ సంచికలు, వృద్ధుల నోట నిలిచిన కథలు ఇందుకు ముడిసరుకు. సాధారణంగా సమాధి రాయి మీద పేరు, రెండు తేదీలు, ఒక వాక్యభాగం ఉంటాయి. ఆ రెండు తేదీల మధ్య జీవితాన్ని ఎరిగినవారు ఏటికేడు తగ్గిపోతున్నారు. జానపద గేయాలను, స్థలపురాణాలను, కైఫీయతులను శ్రద్ధగా సేకరించిన తెలుగు పరిశోధనకు ఈ సేకరణ కొత్త విద్య కాదు. కావలసినది ఈ జీవితాలు కూడా తెలుగు సామాజిక చరిత్రలో, తెలుగు గద్యంలో భాగమేనన్న అంగీకారం.

1939లో ప్రతిష్ఠితమైన డోర్నకల్ దేవాలయం ఈ దేశపు నిర్మాణ రీతులను తనలో కలుపుకొని నిలిచింది. అక్కడికి వెళ్లినవారు అజరయ్యను స్మరించకుండా తిరిగి రారు. ఆయన స్మృతికి లోటు లేదు. ఆయన శిక్షణ ఇచ్చి పల్లెలకు పంపిన దంపతుల పేర్లు కూడా ఆ స్మృతిలో చేరిన నాడే, విదేశీయుల మీద ఆధారపడని సంఘం కావాలన్న ఆయన సంకల్పం సాహిత్యంలోనూ నెరవేరినట్లవుతుంది. తమవారి కథను తమ భాషలో తామే చెప్పుకోవడం ఆ స్వావలంబనలో మిగిలిపోయిన భాగం.