కాకినీ రాయండి

సంక్రాంతి దగ్గర పడిందంటే పత్రికల జిల్లా పేజీల్లో ఒక ఫొటో తప్పదు. చెట్టు నిండా పెద్ద పెద్ద తెల్లటి పక్షులు, పైన 'సైబీరియా అతిథులు వచ్చేశాయి' అని శీర్షిక. ఈ వారమూ వచ్చింది. అందులో ఉన్నవి గూడబాతులు, అంటే పెలికాన్లు. అవి సైబీరియా మొహం చూసినవి కావు. తేలినీలాపురంలోనూ ఉప్పలపాడులోనూ ఊరి చెట్ల మీద గూళ్లు కట్టి పిల్లల్ని పెంచే గూడబాతులు, పెయింటెడ్ స్టార్కులు మన ప్రాంతపు పక్షులే. వలస బాతుల పద్ధతి వేరు. మంచుదేశాల నుంచి చలికాలం గడపడానికి వచ్చే సూదితోక బాతు మన చెరువులో తింటుంది, నిద్రపోతుంది, గూడు మాత్రం కట్టదు. ఎండలు ముదిరేలోగా తిరిగి వెళ్లి అక్కడే గుడ్లు పెడుతుంది. ఇక నిజంగా సైబీరియా పేరు మోసిన కొంగ ఒకటి రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కు వచ్చేది. 2001-02 శీతాకాలం తర్వాత అది అక్కడికి రావడమే మానేసింది. పక్షి పోయింది, శీర్షిక మిగిలింది.

దీనికి విరుగుడుగా విలేకరులకు పక్షిశాస్త్రం పాఠాలు చెప్పాలని నేననను. ఒక నోటుపుస్తకం చాలు. ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాత పాట తెలిసిందే: తేదీ వేయని రాత రాత కాదు. వాన లెక్క గురించీ, బావిలో నీటిమట్టం గురించీ ఇదే పాడాను, ఇప్పుడు పక్షుల గురించి పాడుతున్నాను. చలికాలం పొడుగునా ఒకే చెరువు దగ్గర వారానికోసారి నిలబడి తేదీ, మొదలెట్టిన వేళ, ముగించిన వేళ, కనిపించిన ప్రతి పక్షీ, ఎన్ని ఉన్నాయో రాసుకున్నవాడికి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. ఏది గూట్లో కూర్చుందో, ఏది ఏప్రిల్‌కల్లా మాయమైందో అతని పేజీలే చెబుతాయి. పక్షిని చూసి ఆనందించకుండా ఈ పద్దులెందుకు అనేవాళ్లుంటారు. పద్దు రాస్తే ఆనందం తగ్గుతుందనడానికి నాకైతే ఆధారం కనిపించదు. రాయాలనుకున్నవాడు మరో రెండు నిమిషాలు ఎక్కువ చూస్తాడు, అంతే.

పద్దు విలువ తెలియాలంటే కొల్లేరు కథ చూడాలి. మలయాళంలో పక్షుల గురించి రాసి పేరు తెచ్చుకున్న కె.కె. నీలకంఠన్ 1946లో కొల్లేరు ప్రాంతంలో గూడబాతుల స్థావరాన్ని చూసి లోకానికి తెలియజేశారు. అప్పుడక్కడ దాదాపు 3 వేల గూడబాతులు గూళ్లు పెట్టేవి. 1970ల నడిమికల్లా ఆ స్థావరం ఖాళీ అయింది. ఆ అంకె కాగితం మీద లేకపోతే ఏమయ్యేది? 'మా చిన్నప్పుడు బోలెడు పక్షులుండేవి' అన్న పెద్దల మాట ఒక్కటే మిగిలేది. ఆ మాట అబద్ధం కాదు. కానీ చేపల చెరువుల గట్లు పెరుగుతున్నప్పుడూ, 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరిట వాటిని కొట్టేస్తున్నప్పుడూ, సరస్సు హద్దు ఏ కాంటూరు దగ్గర ఆగాలన్న తగువులోనూ 'బోలెడు' అనే మాటకు ఎవరూ విలువ కట్టరు. ఇప్పుడు కైకలూరు దగ్గర ఆటపాకలో అటవీశాఖ కట్టిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు గూళ్లు పెడుతున్నాయి. పడవలో వెళ్లి చూసే పిల్లలకు అవే ఎన్నో అనిపిస్తాయి. ప్రతి తరమూ తాను చూసిందే నిండుదనం అనుకుంటుంది. కొల్లేరు ఎంత కోలుకుందో, ఎంత కోలుకోలేదో తేల్చాలంటే పక్కన పెట్టి చూడడానికి 1946 నాటి అంకె ఉండాలి. ఉంది కాబట్టే ఈ మాట అనగలుగుతున్నాం.

కనిపించినదాన్ని రాయడం సులువు, కనిపించనిదాన్ని రాయడమే కష్టం. కలివికోడిని చూడండి. 1900 తర్వాత దాని జాడ లేదని, అంతరించిందని పుస్తకాలు రాసుకున్నాయి. 1986 జనవరిలో కడప జిల్లా చిట్టడవిలో అది మళ్లీ బయటపడింది. దాని పుణ్యమా అని శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది, తెలుగుగంగ కాలువ సైతం దారి మార్చుకుంది. మరి మధ్యలో 86 ఏళ్లు పక్షి లేదా, వెతికినవాళ్లు లేరా? 'వెళ్లాం, ఇన్ని గంటలు చూశాం, లేదు' అన్న పేజీలు చాలినన్ని ఉంటే ఈ రెంటికీ తేడా తెలిసేది. ఉన్నవే రాసి లేనివి వదిలేసే జాబితా, అమ్మిన సరుకు రాసి మిగిలిన సరుకు రాయని కొట్టు లెక్క లాంటిది.

ఈ మాట ఊరికే అనడం లేదు. దేశంలోని పక్షుల స్థితిపై 2023లో వచ్చిన నివేదికకు ఆధారం 30 వేలమంది ఔత్సాహికులు పక్షుల నమోదు వెబ్‌సైట్ ఈ-బర్డ్‌లో నమోదు చేసిన 3 కోట్ల పరిశీలనలు. అందులో ముఖ్యమైన లెక్క చాలా సాదాది: పూర్తిగా రాసిన జాబితాలు వంద తీసుకుంటే ఫలానా పక్షి ఎన్నింటిలో ఉంది, ఏటికేడు ఆ వాటా పెరిగిందా తగ్గిందా? అంటే పక్షి ఉన్న జాబితా ఎంత అవసరమో లేని జాబితా అంతే అవసరం. ఈ లెక్కలో బయటపడినవాటిలో మన పాలపిట్ట ఒకటి. తెలంగాణ రాష్ట్ర పక్షి అది. దసరానాడు దాన్ని చూడాలని ఊళ్లకు ఊళ్లు పొలిమేర దాటుతాయి, కొన్నిచోట్ల పంజరంలో పెట్టి చూపించి డబ్బులు కూడా తీసుకుంటారు. ఇంతమంది చూస్తున్న పక్షే గట్టిగా తగ్గిందనీ, ప్రపంచ ఎర్ర జాబితాలో దాని స్థానం తిరిగి పరిశీలించాలనీ నివేదిక చెప్పింది. మరోవైపు మార్చి 20న ప్రపంచ పిచ్చుకల దినం రాగానే పిచ్చుక పోయిందని మనం కన్నీళ్లు పెడతాం. పెద్ద నగరాల్లో తగ్గిన మాట నిజమే, దేశం మొత్తం మీద మాత్రం నిలకడగానే ఉందని 2020 నాటి నివేదిక తేల్చింది. ఏడవాల్సిన చోట పండగ చేసుకుంటున్నాం, పండగ చేసుకోదగ్గ చోట ఏడుస్తున్నాం.

ఇక్కడే అసలు అభ్యంతరం వస్తుంది. జాబితా రాసేవాళ్లలో చాలామందికి పాలపిట్ట గోల పట్టదు. వాళ్లకు కావలసింది 'లైఫర్', అంటే జన్మలో మొదటిసారి చూసే పక్షి. ఎవరి అంకె ఎంతో, జిల్లాలో ఎవరు ముందున్నారో ఈ-బర్డే పట్టికలు వేసి చూపిస్తుంది. ఆ పోటీ నాకు మొదటినుంచీ గిట్టదు. పక్షిని నాణెంలా పోగేసుకోవడమేమిటి అన్నది నా ఫిర్యాదు. కానీ చలికాలపు లెక్కల పుట్టుక చూస్తే ఆ ఫిర్యాదు నిలబడేలా లేదు. అమెరికాలో క్రిస్మస్‌నాడు జట్లుగా చీలి ఎవరు ఎక్కువ పక్షుల్ని, జంతువుల్ని కాల్చి కుప్ప పోస్తే వాళ్లే గెలిచినట్టు అనే వేట ఆట ఉండేది. కాల్చడం మాని లెక్కపెట్టండని 1900లో ఫ్రాంక్ చాప్‌మన్ పిలుపునిస్తే 27 మంది 25 చోట్ల ఆ పని చేశారు. ఆ లెక్క నేటికీ సాగుతోంది. ఆయన పోటీని రద్దు చేయలేదు, తుపాకీ తీసి పెన్సిల్ పెట్టాడు. మన దగ్గర 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతున్న నీటిపక్షుల గణనకు పొద్దున్నే మోకాలిలోతు బురదలో దిగేవాళ్లకు జీతమేమీ లేదు. ఎవడో తనకన్నా ఒక్క పక్షి ఎక్కువ చూశాడన్న దుగ్ధే కొందరినైనా మంచం మీంచి లేపుతుంది. ఆ దుగ్ధను తీసేస్తే మిగిలేది శుద్ధమైన శాస్త్రం కాదు, ఖాళీ పేజీ.

కాబట్టి పోటీ ఉండనివ్వండి. దాని దోషం మనిషి గొప్పలు చెప్పుకోవడంలో లేదు, అందరినీ అది ఒకే చోటికి తోలడంలో ఉంది. పులికాట్ రాజహంసల దగ్గర చలికాలమంతా బైనాక్యులర్లే. తెలంగాణలో 46 వేలకు పైగా చెరువులున్నాయని మిషన్ కాకతీయ లెక్క. వాటిలో అత్యధికం దగ్గర కొత్త పక్షి దొరకదు. బొల్లికోడి, మునుగుడుకోడి, నాలుగు నారాయణ పక్షులు, గట్టు మీద కాకి, అంతే. లైఫర్ల పోటీ అక్కడికి ఎవరినీ పంపదు. దానికి వేరే పందెం కావాలి: ఎన్ని రకాలు చూశావని కాదు, ఇంతవరకు ఎవరూ జాబితా రాయని చెరువులకు ఎన్నింటికి వెళ్లావని, అక్టోబరు నుంచి మార్చి దాకా ఒకే చెరువును ఎన్ని వారాలు వదలకుండా రాశావని. ఫిబ్రవరి నడుమ నాలుగు రోజుల పెరటి పక్షుల లెక్క వస్తోంది, దానికి ఒక్కో జాబితాకు 15 నిమిషాలు చాలు. ఊరి బడి పిల్లల్ని పక్క ఊరి బడి మీదికి ఈ పందెంలో ఉసిగొల్పడానికి ఒక్క టీచరు సరిపోతాడు. పక్క ఊరివాళ్లు కాకుల సంఖ్య పెంచి రాశారని తగువులొస్తాయి. రానివ్వండి, ఆ తగువు తీర్చడానికైనా ఇంకెవడో చెరువుకు వెళ్లి కాకుల్ని లెక్కపెట్టాలి కదా.