కథ దాటిన పాత్రలు: 'సూపర్ స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్' – గుణదోష విచారణ

వ్యాస సంగ్రహం

వేర్వేరు వీడియో ఆటలకు చెందిన పాత్రలను ఒకే బరిలో నిలిపిన 'సూపర్ స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్' (2018) గుణదోషాలను నాట్యశాస్త్ర, అలంకారశాస్త్ర పరిభాష సాయంతో పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం. పాత్రల స్వభావాన్ని ఆంగికంగా నిలుపుకోవడం ఈ ఆటకు ప్రధాన గుణమనీ, ఆ పాత్రల నడుమ సంబంధాన్ని కల్పించలేకపోవడం ప్రధాన దోషమనీ ఇందులో ప్రతిపాదిస్తున్నాను.

కీలక పదాలు: ఔచిత్యం, ఆంగికాభినయం, పాత్ర స్వభావం, పునరుక్తి, సంబంధం, వీడియో ఆట.

ఉపోద్ఘాతం

ఒక పాత్రను దాని కథ నుంచి విడదీసి పరాయి చోట నిలిపితే ఆ పాత్ర ఆ పాత్రగానే మిగులుతుందా? తెలుగు సాహిత్య విద్యార్థికి ఇది కొత్త ప్రశ్న కాదు. వ్యాసభారతంలో లేని శ్రీకృష్ణార్జున యుద్ధాన్ని చిలకమర్తి లక్ష్మీనరసింహం 'గయోపాఖ్యానం' నాటకంగా మలిచారు. 1963లో అదే ఇతివృత్తం 'శ్రీకృష్ణార్జున యుద్ధము' చలనచిత్రంగా వచ్చింది. ఈ ఇతివృత్తాన్ని నడిపించేది ఎవరు గెలుస్తారన్న కుతూహలం ఒక్కటే కాదు. ప్రాణమిత్రులు ఆయుధాలు పట్టవలసిన పరిస్థితి ఎట్లా వచ్చిందన్నదే అసలు ప్రశ్న. గయుని చంపుతానని కృష్ణుడు ప్రతిన పూనాడు. అతనికి అభయమిచ్చి అర్జునుడు మాటకు కట్టుబడ్డాడు. ఇద్దరి స్వభావాలూ చెడకుండానే ఇద్దరి నడుమ పోరు పుట్టింది.

ఈ ప్రశ్ననే జపాన్‌లో రూపొందిన ఒక వీడియో ఆటకు వేసి చూడటం ఈ వ్యాసం ప్రయత్నం. వీడియో ఆటను సాహిత్య పరిశోధనలో చర్చించడం ఎంతవరకు సమంజసమన్న సందేహం కలగవచ్చు. పాత్ర ఉన్న ప్రతి చోటా పాత్రచిత్రణ విచారణకు అవకాశం ఉంటుందన్నదే దానికి సమాధానం.

ఆట నేపథ్యం, స్వరూపం

ఈ పరంపరలోని తొలి ఆట 1999లో నింటెండో 64 యంత్రం కోసం 12 మంది యోధులతో విడుదలైంది. హాల్ లాబొరేటరీలో మసాహిరో సకురాయ్ దీనిని రూపకల్పన చేయగా, తొలి నమూనాకు సతోరు ఇవాతా ప్రోగ్రామింగ్ చేశారు. ఆ నమూనాలో ఉన్నవి పేరూ ఊరూ లేని మానవాకృతులు మాత్రమే. ప్రసిద్ధ పాత్రలు తరువాత వచ్చి చేరాయి. అంటే ఇక్కడ ముందు పుట్టింది పోరాట నియమం. పాత్రలు ఆ నియమంలోకి ప్రవేశించాయి. ఈ పుట్టుక క్రమం ఆట గుణానికీ దోషానికీ కూడా మూలమని ముందు ముందు తెలుస్తుంది.

2018 డిసెంబరు 7న నింటెండో స్విచ్ కోసం వచ్చిన 'అల్టిమేట్' అంతకుముందు పరంపరలో కనిపించిన యోధులందరినీ తిరిగి తెచ్చింది. 2021 అక్టోబరులో 'కింగ్‌డమ్ హార్ట్స్' నాయకుడు సోరా చేరికతో యోధుల సంఖ్య 89కి చేరింది. నింటెండో సొంత పాత్రలైన మారియో, లింక్, కిర్బీలతో పాటు సెగా, క్యాప్‌కామ్, కొనామీ వంటి ఇతర సంస్థల పాత్రలు కూడా వీరిలో ఉన్నాయి. ఈ ఆట 3 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడైంది.

సాధారణ పోరాట ఆటల్లో ప్రతి యోధునికీ ఒక ప్రాణరేఖ ఉంటుంది. దెబ్బ తగిలిన కొద్దీ అది తరిగిపోతుంది. ఇక్కడ అందుకు భిన్నంగా దెబ్బల లెక్క శాతంగా పెరుగుతుంది. శాతం పెరిగిన కొద్దీ దెబ్బ తిన్నవాడు మరింత దూరం ఎగిరిపడతాడు. తెర హద్దులు దాటి పడిపోయినవాడు ఒక అవకాశం కోల్పోతాడు. కాబట్టి గెలుపు ప్రత్యర్థిని చంపడంలో లేదు, బరి బయటకు నెట్టడంలో ఉంది. పిల్లల ఆటల పాత్రయిన కిర్బీ, యుద్ధ కథల పాత్రయిన స్నేక్ ఒకే బరిలో కొట్టుకున్నా వెగటు కలగకపోవడానికి ఈ నియమమే కారణం. తొలి ఆట ఆరంభ దృశ్యంలో ఒక చెయ్యి బొమ్మలను పెట్టెలోంచి తీసి బల్లమీద నిలబెడుతుంది. ఇది బొమ్మల పోరు అని ఆట తానే మొదట చెప్పుకుంది.

గుణ విచారణ: ఆంగికమే పాత్ర

అభినయం ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు విధాలని నాట్యశాస్త్రం చెబుతుంది. ఈ ఆటలో సాత్త్వికం చాలావరకు ఆడేవారి మనస్సుకే విడిచిపెట్టబడింది. ఆహార్యం సహజంగానే మూలాన్ని అనుసరిస్తుంది. ఆట ప్రతిభ అంతా ఆంగికంలో ఉంది.

'స్ట్రీట్ ఫైటర్' నుంచి వచ్చిన ర్యూ తన మూల ఆటలో మీటలను ఒక క్రమంలో తిప్పితే ప్రత్యేక దెబ్బలు కొడతాడు. ఇక్కడా ఆ క్రమాన్ని పాటించినవారికి అదే దెబ్బ మరింత బలంగా లభిస్తుంది. ఇద్దరే తలపడినప్పుడు అతడు ఎప్పుడూ ప్రత్యర్థి వైపే ముఖం తిప్పి ఉంటాడు. మెగా మ్యాన్ నడుస్తూనే చేతి ఫిరంగితో చిన్న గుళ్లు పేలుస్తాడు. 1987 నాటి అతని మూల ఆటలో ఆడేవారు చేసిన పని కూడా అదే. 1980లో వచ్చిన చేతి ఆటల నుంచి పుట్టిన మిస్టర్ గేమ్ అండ్ వాచ్ మందం లేని నల్లని ఆకారం. ఆ చిన్న తెరమీద బొమ్మ ఒక చోట ఆరిపోయి మరో చోట వెలిగినట్లే ఇక్కడా అతని కదలిక తెగి తెగి సాగుతుంది.

ముష్టియోధుడు లిటిల్ మ్యాక్ ఉదాహరణ మరింత గమనించదగ్గది. నేలమీద అతని దెబ్బకు తిరుగులేదు, గాలిలోకి ఎగిరితే నిస్సహాయుడు. పోటీ దృష్టితో చూస్తే ఇది లోపం. పాత్ర దృష్టితో చూస్తే ముష్టియోధునికి ఇంతకన్నా తగిన రూపం లేదు. ఏది దేనికి తగినదో అదే ఔచిత్యమని క్షేమేంద్రుడు 'ఔచిత్యవిచారచర్చ'లో ప్రతిపాదించిన భావానికి ఇది చక్కని ఉదాహరణ. రూపకర్తలు పాత్రను వర్ణించలేదు, పాత్ర స్వభావాన్నే నియమంగా మార్చారు. ఆడేవారు ఆ స్వభావాన్ని చూడరు, వేళ్లతో అనుభవిస్తారు. వీడియో ఆటకు మాత్రమే సాధ్యమైన పాత్రచిత్రణ ఇది.

దోష విచారణ

ఒకటి, అనౌచిత్యం. 1998 నాటి 'ఆకరీనా ఆఫ్ టైమ్'లో గానన్‌డార్ఫ్ మంత్రవిద్య తెలిసిన రాజు. స్మాష్ పరంపరలోకి మాత్రం అతడు కెప్టెన్ ఫాల్కన్ అనే పందెపు వాహనచోదకుని కదలికలతో ప్రవేశించాడు. ఫాల్కన్ పిడిగుద్దునే నెమ్మదిగా, బరువుగా కొడతాడు. 'అల్టిమేట్'లో కొన్ని ప్రధాన దెబ్బలకు ఖడ్గం చేతికిచ్చినా అరువు కదలికలు చాలావరకు మిగిలే ఉన్నాయి. వేషం రాజుది, నడక చోదకునిది.

రెండు, పునరుక్తి. 'ఫైర్ ఎంబ్లెమ్' పరంపర నుంచే ఎనిమిది మంది యోధులు వచ్చారు; వారిలో ఎక్కువమంది ప్రధానాయుధం కత్తే. ఇంకా ఏడుగురిని ఆటే 'ఎకో' యోధులుగా, అంటే మరొకరి ప్రతిధ్వనులుగా ప్రకటించింది. వీరిలో కెన్ వంటివారు కొంత వైలక్షణ్యం చూపినా, డైసీ వంటివారు దాదాపు వేషభేదం మాత్రమే. అందరినీ చేర్చాలన్న సంకల్పం సంఖ్యకు మేలు చేసింది, వైవిధ్యానికి అంత మేలు చేయలేదు.

మూడు, ఔచిత్యానికీ సమన్యాయానికీ మధ్య ఘర్షణ. 'మైన్‌క్రాఫ్ట్' నుంచి వచ్చిన స్టీవ్ బరిలోనే తవ్వి ముడిసరుకు సంపాదించి, దానితో పనిముట్లు చేసుకుంటాడు, దిమ్మెలు పేర్చి అడ్డుగోడలు కడతాడు. మూలానికి ఇంత విధేయమైన పాత్ర మరొకటి లేదు. అయితే ఆ విధేయతే అతన్ని మితిమీరిన బలవంతుణ్ణి చేసింది; కొందరు పోటీ నిర్వాహకులు అతన్ని నిషేధించవలసి వచ్చింది. దీనిని రూపకర్తల వైఫల్యమని ఒక్కమాటలో తేల్చలేము. ఔచిత్యానికి కూడా ఒక మూల్యం ఉంటుందని మాత్రం చెప్పవచ్చు.

నాలుగు, ఆన్‌లైన్ పోరు. దూరాన ఉన్నవారి మీట నొక్కు అందేవరకు ఆట ఆగి, ఆ తరువాతే ముందుకు సాగే పద్ధతి ఇందులో ఉంది. అనుసంధానం మందగిస్తే కదలిక వేళ తప్పుతుంది. ఆంగికమే ప్రాణమైన ఆటలో తాళం తప్పడం సాంకేతిక లోపంగా మాత్రమే మిగలదు, పాత్రనే దెబ్బతీస్తుంది.

ప్రధాన దోషం: సంబంధం లేని సమావేశం

పై నాలుగింటికంటె లోతైన దోషం 'వరల్డ్ ఆఫ్ లైట్' అనే కథాభాగంలో కనిపిస్తుంది. గలీమ్ అనే శక్తి యోధులందరినీ కబళించగా కిర్బీ ఒక్కడే తప్పించుకుంటాడు. ఆరంభ దృశ్యంలో యోధులంతా ఒక కొండ అంచున నిలిచి కొన్ని మాటలు పలుకుతారు. ఆ తరువాత కిర్బీ ఒక్కొక్కరినే ఓడించి విడిపిస్తాడు. విడుదలైనవాడు కృతజ్ఞత చెప్పడు, తోటివాణ్ణి గుర్తుపట్టడు, జాబితాలో చేరిపోతాడంతే. వెయ్యికి పైగా ఇతర పాత్రలు 'స్పిరిట్'ల పేరిట చిత్రపటాలుగా మిగిలాయి. భారీకాయ పాత్రకు బదులు పెద్దదిగా చేసిన యోధుణ్ణి నిలపడం వంటి సూచనలలో చమత్కారం లేకపోలేదు. కాని మూలం తెలియనివారికి ఆ సూచన అందదు.

ఇవి బొమ్మలు కదా, బొమ్మలకు మాట ఇవ్వవలసింది ఆడేవారే కదా అన్న సమాధానం రావచ్చు. ఈ వాదంలో బలముంది. అయితే మాట లేకుండానే సంబంధాన్ని చూపవచ్చని ఈ పరంపరే నిరూపించింది. 2008 నాటి 'బ్రాల్'లోని కథాభాగంలో పాత్రలు దాదాపు మౌనంగానే, చూపులతో, చేష్టలతో శత్రువులై, మిత్రులై కలిసి నడిచాయి. 'అల్టిమేట్'లోనే షాడో మోసెస్ బరిలో స్నేక్ కొందరు ప్రత్యర్థుల గురించి తన సహచరులతో జరిపే సంభాషణ ఆ కొద్దిసేపటిలోనే రెండు లోకాలను కలుపుతుంది. చేతనైన పనిని కథాభాగంలో చేయలేదన్నదే ఇక్కడి విమర్శ.

మాట చేర్చినంత మాత్రాన కొరత తీరదు. 2021లో గొంతులు లేకుండా వచ్చిన 'నికెలోడియన్ ఆల్‌స్టార్ బ్రాల్' పాత్రలకు మరుసటి ఏడాది గొంతులు చేర్చారు. 2022లో ప్రజల ముందుకొచ్చిన 'మల్టీవర్సస్'లో బ్యాట్‌మ్యాన్, బగ్స్ బన్నీ వంటి పాత్రలు ఒకరితో ఒకరు మాట్లాడుకున్నాయి. అయినా 2025లో దాని ఆన్‌లైన్ సేవలు నిలిచిపోయాయి. ఆంగికం, వాచికం రెండూ ఒకదాని కొకటి ఊతమైనప్పుడే సమావేశం కథ అవుతుంది.

ముగింపు

కథ నుంచి విడదీసినా పాత్ర మిగులుతుందా అన్న తొలి ప్రశ్నకు ఈ ఆట ఇచ్చే సమాధానం సగం. పాత్ర కదలికలో, బలంలో, బలహీనతలో మిగులుతుందని ర్యూ, లిటిల్ మ్యాక్ వంటి పాత్రలు రుజువు చేశాయి. తక్కిన సగాన్ని గయోపాఖ్యానం గుర్తుచేస్తుంది: పాత్ర తన స్వభావంలో ఎంత ఉంటుందో, ఎదుటివానితో తన సంబంధంలోనూ అంతే ఉంటుంది. కృష్ణుడు అర్జునుని ఎదుట నిలిచినప్పుడు మనకు కలిగే కలవరం బలాబలాల లెక్క వల్ల కలిగేది కాదు. నియమం ముందు పుట్టి పాత్రలు తరువాత చేరిన ఆటకు ఆ కలవరం ఇంకా దక్కలేదు. 89 మందిని ఒకచోట చేర్చడం అసాధారణమైన పనే. వారిలో ఏ ఇద్దరైనా ఒకరినొకరు ఎరిగినవారుగా తలపడే ఆట వచ్చిననాడు ఈ ప్రక్రియకు పరిపూర్ణత సిద్ధిస్తుంది.