సిటీవెస్ట్ పోపు

డబ్లిన్ నైరుతి అంచున, లువాస్ ట్రామ్ రెడ్ లైన్ చివరి స్టాపుల్లో ఒకటైన సాగర్ట్ పక్కనే సిటీవెస్ట్. అక్కడ తెలుగింటి పొయ్యి వెలిగించేవాళ్ల నేర్పుకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

వసంతం వస్తుంది గానీ ఆ నేల మీద మామిడి కాయదు, వేప పూయదు. పులుపుకు మాత్రం లోటు లేదు, రూబార్బ్ అనే కాడల మొక్క ఉంది. ఐర్లండ్ వాళ్లు దాన్ని చక్కెరతో ఉడికించి తీపి వంటలు చేస్తారు. మన చేతిలో పడితే ఆ ఎర్రటి కాడలు పప్పులోకి చేరతాయి. ఆకుల్లో ఆక్సాలిక్ ఆమ్లం ఎక్కువ, విషం; వాటిని పారేసి కాడలే వాడాలి. కందిపప్పు మెత్తగా ఉడికాకే ముక్కలు వేయాలి, ముందే వేస్తే పులుపుకు పప్పు ఉడకదు. ఐదారు నిమిషాల్లో కాడలు కరిగిపోతాయి. ఆపైన వెల్లుల్లి, ఎండుమిర్చి, ఇంగువ పోపు. ముద్ద నోట పెట్టగానే చింతచిగురు పప్పు గుర్తొస్తుంది.

శరత్కాలంలో పుల్లటి బ్రామ్లీ ఆపిల్ వంతు. పచ్చిగా తురిమి అన్నంలో కలిపితే మామిడికాయ పులిహోరకు చెల్లెలు. క్రిస్మస్‌కు నలుగురూ చేరినప్పుడు చిట్టి క్యాబేజీల్లాంటి బ్రసెల్స్ స్ప్రౌట్స్‌ను సన్నగా తరిగి, వేయించి, దించాక ఆవ పెడితే చాలు, క్యాబేజీ కూర రుచి తెలిసినవాళ్లంతా రెండోసారి వడ్డించుకుంటారు.

లేనిదాని కోసం దిగులుపడకుండా, ఉన్నదాన్ని మన రుచికి మలచుకోవడమే అసలైన వంట. ఊరు మారింది, కూర మారింది. పోపు వాసన మాత్రం మారలేదు. ఆ చేతులు చల్లగా ఉండాలి.