రామస్వామినాయుఁడు - రవివర్మ : ఒక స్పర్ధాకథా విమర్శనము

కళింగాంధ్రమున, విజయనగర శ్రీకాకుళ ప్రాంతములందు, పాతయిండ్ల నడవలలో రవివర్మ లక్ష్మీసరస్వతుల యచ్చుపటములు గోడలమీఁదఁ గానవచ్చుట చిరకాలముగ నున్న యాచారము. 1894 వ సంవత్సరమున బొంబాయిలో నతఁడు నెలకొల్పిన ముద్రాలయమునుండి వెడలిన యా పటములు పూజామందిరములఁ జొచ్చి దేవతలకే రూపనిర్ణయము చేసినవి. కావున నతని పేరు మనవారికిఁ గ్రొత్తది కాదు. కాని యతని జీవితకథలోఁ బ్రతిపక్షిగా నిలిచిన రామస్వామినాయుఁడను తిరువనంతపుర సంస్థాన చిత్రకారుని పేరెఱిఁగినవారు మనలోఁ గొలఁదిమంది. ఇతనినే కొందఱు నాయకరని వ్రాయుదురు. ఎఱిఁగినవారును ఇతనిని విద్య దాఁచిన యసూయాపరుఁడనియే యెఱుఁగుదురు. మధుర నాయకరాజుల కాలమున దక్షిణమున నిలిచిపోయిన తెలుఁగు కుటుంబములకు నాయుఁడు, నాయకరు అను పేళ్లు నేఁటికిని గుఱుతులు. అట్టి కుదురునుండి వచ్చిన యొక కళావిదునకు ఒక్క నిందావిశేషణముదక్క వేఱేమియు మిగులకపోవుట న్యాయమా యని విచారించుట యీ వ్యాసమున నా యుద్దేశము.

మొదట కథను సంగ్రహముగాఁ జెప్పెదను. రవివర్మ 1848 ఏప్రిల్ 29 న కిళిమానూరునందు జన్మించెను. అతని మేనమామ రాజరాజవర్మ తానును జిత్రకారుఁడు. మేనల్లుని చేతివాటమును గనిపెట్టి, 1862 లో, పదునాలుగేండ్ల ప్రాయమున, వానిని తిరువాన్కూరు ప్రభువగు ఆయిల్యం తిరునాళ్ మహారాజు సన్నిధికిఁ గొనిపోయెను. మహారాజు బాలుని ప్రతిభకు సంతసించి కోటలో నుండి చిత్రములు వ్రాసికొనుట కనుజ్ఞ యొసఁగెను. అప్పటి కచ్చట తైలవర్ణములతో మనుష్యుల ప్రతిరూపములు వ్రాయఁగల స్వదేశీయుఁడు రామస్వామినాయుఁడు. రాజబంధువగు బాలునకు ఆ రహస్యములు నేర్పుట కతఁ డంగీకరింపలేదు. అతని శిష్యుఁడు ఆర్ముగంపిళ్ళ గురువునకుఁ దెలియకుండ రాత్రులు వచ్చి తన కెఱుకైనంత మేరకు బాలునకుఁ జెప్పెను. పిదప 1868 లో థియడోర్ జెన్సన్ అను ఐరోపా చిత్రకారుఁడు మహారాజదంపతుల రూపములు వ్రాయుటకు వచ్చెను. అతఁడును నేర్పుట కిష్టపడఁడయ్యెను. మహారాజు మాటపై, తాను వ్రాయుచుండఁగా దగ్గఱ నిలిచి చూచుటకు మాత్రము సమ్మతించెను. చూచియే రవివర్మ నేర్చుకొనెను. 1873 లో, తలలో మల్లెలు తుఱుముకొను నాయరు స్త్రీ చిత్రమునకు మద్రాసు ప్రదర్శనమున స్వర్ణపతకము నందెను. ఇది కథ. రవివర్మ జీవితచరిత్రకారు లించుమించుగ నందఱు దీనిని జెప్పిరి.

ఇందలి సంగతులను నేను గాదనను. వానికిఁ జేయఁబడిన వ్యాఖ్యానమే విమర్శనీయము.

తైలచిత్రలేఖనము దక్షిణదేశమునకు ఐరోపావారితో వచ్చిన విద్య. టిల్లీ కెటిల్ 1769 లో చెన్నపట్టణమున దిగి ఆర్కాటు నవాబు మహమ్మదాలీ రూపమును వ్రాసెను. అతని పిదప జార్జి విల్లిసన్ 1774 మొదలు 1780 వఱకు నచ్చటనే యుండి యదే నవాబు కొల్వున ధన మార్జించెను. నాఁటనుండి నవాబులకును రాజులకును నిలువెత్తు రూపపటములపై మక్కువ పెరిగెను. స్వదేశ చిత్రకారులు తంజావూరు మధుర పద్ధతులలో నారితేఱినవారే యైనను, ఆ పద్ధతి వేఱు. అందు కొయ్యపలకపై గుడ్డ నంటించి, సున్నపుముద్దతో నగలను మిట్టలుగా నెత్తి, బంగారురేకు నద్ది, నీటివర్ణములు పూయుదురు. ఆ వర్ణములు పూసినంతనే యాఱును. కావున రేఖ ప్రధానము, నీడ యప్రధానము. తైలవర్ణమో, దినములకొలఁది తడిగ నుండును. ఒక వర్ణము మఱియొకదానిలోఁ గరఁగి చెక్కిలిపై వెలుఁగు నీడలుగా మాఱును. గుడ్డకు మొదట నేపూఁత పూయవలెను, అవిసెనూనె నెంత కలుపవలెను, ఏ పొరపై నేపొర వేసినఁ బగుళ్లు వాఱకుండును అను విషయము లప్పుడు మన గ్రంథములలో లేవు. 1841 లో రంగులకు తగరపు గొట్టములు కనిపెట్టఁబడినందున సిద్ధమైన రంగులు దొరకవచ్చును గాని, వానిని వాడు నేర్పు గొట్టములో రాదు. రామస్వామినాయుని సొత్తంతయు నా నేర్పే.

ఇట్టిచో విద్య దాఁచుట యసూయయా, జీవనరక్షణమా? సంస్థానమున రూపపటములు వ్రాయించుకొను ప్రభువొక్కఁడు. వ్రాయువారిరువురైనచో నొకనికిఁ బని యుండదు. నేర్చుకొనఁగోరినవాఁడు, శిష్యుఁడై వచ్చి రంగులు నూఱి, గుడ్డలు బిగించి, పదేండ్లు శుశ్రూషచేసి, గురువు పేరు నిలుపువాఁడు గాఁడు. ప్రభువునకు బంధువు, ఎదిగినచో గురువు స్థానమునే పొందఁగలవాఁడు. 1866 లో మావేలికర రాజకుటుంబమున నతనికి వివాహమైన పిదప నా బాంధవ్యము మఱింత దగ్గఱయ్యెను. ఇరువురును సమానులై పోటీపడిరనుట యథార్థము గాదు. ఒకనిది జీతపు బ్రతుకు; వేఱొకనికి రాజాశ్రయము పుట్టుకచేతనే లభించినది.

ఈ విషయమున మన విజయనగరమే మంచి దృష్టాంతము. ఆనందగజపతి మహారాజు (1850–1897) కొలువునఁ బండితులును గాయకులును బెక్కండ్రుండిరి. ఒక్క ప్రభువు మెప్పునకుఁ బెక్కండ్రు కాచుకొనియున్నచోట మాత్సర్యము మొలచుట వింతగాదు. 1919 లో నచ్చట సంగీతకళాశాల వెలసి ఆదిభట్ల నారాయణదాసు ప్రథమాధ్యక్షుఁడు కాఁగా, నతని పిదప 1936 లో ద్వారం వేంకటస్వామినాయుఁ డాస్థానమునకు వచ్చెను. అచ్చట గురువునకు నేర్పుటకే జీతము. శిష్యుఁడు తన్ను మించినచో గురువునకుఁ గీర్తియే గాని నష్టము లేదు. కావున దాఁపఱికమునకు వ్యవస్థలోనే తావు లేకపోయెను. చెన్నపట్టణమున 1850 లో హంటరు వైద్యుఁడు చిత్రకళాపాఠశాల స్థాపించెను గాని, తిరువనంతపుర సంస్థానచిత్రకారునకు అట్టి గురుపీఠము లేదు. విద్య దాఁచుట స్వభావదోషమని తీర్పు చెప్పుటకు ముందు, విద్య నిచ్చినవానికి లోక మేమిచ్చెనో యరయవలెను.

ఇఁక రెండవ యంశము. నేర్ప నిరాకరించినవా రిరువురు: నాయుఁడును జెన్సనును. చూచుట కనుమతి యిచ్చెననుమాటయే జెన్సనునకు భేదము. అదియు నతఁడు స్వేచ్ఛతో నిచ్చినది గాదు, మహారాజు మాటపై నిచ్చినది. అయినను కథకులు జెన్సను నిరాకరణమును బెద్దచిత్రకారుని బింకముగాఁ జెప్పి విడుతురు. నాయుని నిరాకరణమును నీచగుణముగాఁ జిత్రింతురు. ఒకే కార్యమునకు రెండు తూనికలు వాడిన విమర్శ విమర్శ గాదు. ఇరువురికంటెను నెక్కువ కోల్పోఁదగినవాఁడు ఆర్ముగంపిళ్ళ. గురుద్రోహమను నింద కోర్చి రాత్రులు వచ్చి నేర్పిన యా శిష్యునకుఁ గథలో నొక్క వాక్యమే దక్కినది.

దీనికిఁ గారణ మేమన, స్పర్ధాకథను జెప్పువాఁ డెల్లప్పుడు గెలిచినవాని పక్షము. మన సారస్వతమునను ఇదియే రీతి. ప్రౌఢదేవరాయల సభలో శ్రీనాథుఁడు గౌడడిండిమభట్టు నోడించి యతని కంచుఢక్కను బగులఁగొట్టించెనని చదువుకొని గర్వింతుము. డిండిమభట్టు చెప్పిన సమాధాన మేదియో మనలో నెవ్వరైన నెఱుఁగుదురా? అట్లే, 1878 లో రవివర్మ మద్రాసు గవర్నరగు బకింగుహాము ప్రభువు రూపమును వ్రాయఁగా, వెనుక నొక ఐరోపా చిత్రకారుని యెదుటఁ బదునెనిమిది మాఱులు కూర్చున్నను ఇందు సగము పోలికయుఁ గుదురలేదని ప్రభువు మెచ్చెనని చెప్పుదురు. ఆ యోడినవాని పేరు కథలో లేదు. నాయునకుఁ బేరైన నుండుట యొకవిధముగ నదృష్టమే.

మూఁడవ యంశము చిత్రములకే సంబంధించినది. ఇదియే నాకు ముఖ్యము. మధుర అళగ్రినాయుఁడు స్వాతితిరునాళ్ మహారాజు (1829–1846) కాలమునఁ దిరువాన్కూరునఁ బ్రఖ్యాతుఁడు. రాజరాజవర్మ యతనికడ నభ్యసించెనని చరిత్రకారులు చెప్పుచున్నారు. ఆ రాజరాజవర్మయే రవివర్మకు మొదటి గురువు. ఇట్లగుటచే రవివర్మ యొక నాయునికిఁ బ్రశిష్యుఁడు, వేఱొక నాయునికిఁ బ్రతిపక్షి. కథ రెండవదానినే చాటి మొదటిదానిని మఱుఁగుపఱచినది.

కామసూత్రవ్యాఖ్యలో యశోధరుఁడు చిత్రమునకు రూపభేదము, ప్రమాణము, భావము, లావణ్యయోజనము, సాదృశ్యము, వర్ణికాభంగము అను నాఱంగములు చెప్పెను. రూపపటమును గొనియాడువారు తఱచుగ సాదృశ్య మొక్కదానినే పట్టుకొందురు. ఉషాపరిణయమునఁ జిత్రలేఖ వ్రాసిన రాజకుమారుల పటములలో నుష తన ప్రియుని గుర్తించినంత మాత్రమున, ఆ గుర్తింపే చిత్రలేఖ కళకుఁ గడపటి కొలఁత యగునా? రవివర్మ రూపపటములను ఈ యాఱంగముల వెలుఁగునఁ బరిశీలించినచో, ముఖమున వెలుఁగునీడల కరఁగుదల ఐరోపా పద్ధతినుండి వచ్చినదని తేటపడును. కాని దృష్టి యొక్కింత క్రిందికి దిగినప్పుడు, కంఠాభరణముల ప్రతి ముత్తెమును, జరీయంచు ప్రతి పోఁగును వేఱువేఱుగ నెంచి చూపు నా యక్కఱ యెచ్చటిది? జెన్సను తెగవారు దూరమునుండి చూచువానికి మెఱుపు తోఁచిన జాలునని నాలుగు కుంచెపోట్లతో విడిచెడి తావది. సున్నపుమిట్టపై బంగారురేకు నద్ది మణి నొక్కొక్కదానిని నిలిపిన మధుర తంజావూరు చేతులు అచ్చట నాకుఁ గానవచ్చుచున్నవి. రాణుల పటములలో నొక్కొక్కప్పుడు నగలే ముందు పలుకరించి, ముఖము పిమ్మటఁ బలుకుట యా పద్ధతిలోని దోషముగూడఁ దెచ్చికొనుటయే. గుణమును దోషమును రెండును దాఁచినను దాఁగక వచ్చిన వారసత్వము.

ఇందువలన రవివర్మ మహిమ తగ్గునా యని కొంద ఱడుగవచ్చును. తగ్గదు. గొట్టములోని రంగు, చూపులోని యనుమతి, రాత్రులలోని రహస్యపాఠము వీనితోనే చిత్రకారుఁడు కాఁగలిగినచో, నా కోటలో మఱి పదుగురు రవివర్మలు బయలుదేఱవలసినది. అతని ప్రతిభ యతనిదే. దానిని స్తుతించుటకు నాయుని నిందింప నవసరము లేదని మాత్రమే నా వాదము.

స్పర్ధ యున్నచోటఁ గూడ న్యాయ మెట్లుండునో చూపుటకు ఇంగ్లండున నొక యుదాహరణము గలదు. రెనాల్డ్సు, గెయిన్సుబరో లిరువురు ఆ దేశపు రూపచిత్రకారులలోఁ గడపటి వఱకు స్పర్ధించినవారు. 1768 లో రాజకీయ కళాపరిషత్తు స్థాపింపఁబడినప్పుడు రెనాల్డ్సు దాని కధ్యక్షుఁ డయ్యెను. 1784 లో గెయిన్సుబరో తన పటములను వ్రేలాడఁదీయు నెత్తును గూర్చి తగవుపడి, మరల నా పరిషత్తున వానిని జూపఁడయ్యెను. అయినను 1788 లో మరణశయ్యపై నుండి రెనాల్డ్సును బిలిపించెను. ఆ సంవత్సరాంతముననే రెనాల్డ్సు తన పదునాలుగవ యుపన్యాసమును బ్రతిపక్షి కళను విమర్శించుటకే వినియోగించి, తనకు నచ్చనిదానిని నచ్చలేదనుచునే, అతని కుంచెలోని విశేషమును నిలిపి చూపెను. నాయుని కట్టి యుపన్యాసకుఁడు దొరకలేదు.

మనము చేయఁదగిన పని యొకటి కలదు. మన ప్రాంతమున విజయనగరము, బొబ్బిలి, సాలూరు, కురుపాము మున్నగు సంస్థానములుండెను. 1948 లో మద్రాసు ఎస్టేటుల రద్దు చట్టము వచ్చి జమీందారీ లంతరించిన పిమ్మటఁ గోటలును దివాణములును జేతులు మాఱినవి. అట్టి తావులలోఁ బూర్వుల రూపపటములు మిగిలియున్నచో, చూపఱులు పటములోని రాజు పేరే యడుగుదురు, వ్రాసినవాని పేరడుగరు. అట్టి పటము గలవారు దానిని గోడనుండి దింపి వెనుకవైపు గుడ్డను, చట్రపు కొయ్యను, మూలలను బరిశీలించి, యేదైన సంతకము గాని, సంవత్సరము గాని, కొన్నచోటి చీటి గాని యున్నచో నకలు వ్రాసికొని పరిశోధకులకుఁ దెలుపవలెను. పాతలెక్కల కవిలెలలోఁ జిత్రకారున కిచ్చిన రొక్కపు పద్దులు దొరకినచో నవియుఁ బదిలపఱుపఁదగినవి. అట్టి యాధారములు సమకూడునంతవఱకు రామస్వామినాయుని గూర్చి మనము వ్రాయఁదగినది ఇంతియే: అతఁడు తైలవర్ణముల మర్మ మెఱిఁగిన సంస్థానచిత్రకారుఁడు, తన విద్యను రాజబంధువునకు నేర్పుట కంగీకరింపలేదు. అసూయాపరుఁడను మాటను జరిత్రనుండి తొలఁగించి, యది కథకుల యభిప్రాయమని ప్రక్కన వ్రాసికొనుట మేలు.