బాన్‌ల్యూ, శివారు, వెలివాడ: ఒక అనువాద సమస్య

ఫ్రెంచి 'బాన్‌ల్యూ'ను తెలుగులోకి తేవాలనుకునే అనువాదకునికి మొదట తట్టే మాట 'శివారు'. కంకిపాడును విజయవాడ శివారు అనడం వాడుకలో ఉన్నదే. అయితే ఈ రెండు పదాల నడక వేరు.

'బాన్' అంటే ఆజ్ఞ. 'ల్యూ' లీగు అనే దూరమానం. మధ్యయుగాలలో నగరం చుట్టూ దాని ఆజ్ఞ చెల్లే ఒక లీగు మేర బాన్‌ల్యూ అనిపించుకున్నది. 'బహిష్కృతుల చోటు' అన్న వ్యుత్పత్తి కేవలం లోకనిరుక్తి. 20వ శతాబ్ది చివరి దశాబ్దాలలో ఈ పదం అర్థసంకోచానికి లోనయింది. పారిస్‌ను ఆనుకొని ఉన్న సంపన్నుల నుయ్యీ కూడా బాన్‌ల్యూయే. అయినా ఆ మాట వినగానే వలస కుటుంబాలుండే ప్రభుత్వ గృహసముదాయాలు, నిరుద్యోగం, పోలీసులు స్ఫురిస్తారు. 1995 నాటి 'లా హేన్' చిత్రం, 2005 అల్లర్లు ఆ స్ఫురణను బలపరిచాయి.

కృష్ణా డెల్టా రైతుకు శివారు అంటే కాలువ చివరి భూమి. ప్రకాశం బ్యారేజీ నీరు ఆఖరున చేరే ఆయకట్టు. ఆ లెక్కన నాగాయలంక, కోడూరు, కృత్తివెన్ను శివారు, కంకిపాడు కాదు. నగరం నుండి చూస్తే అంచు, కాలువ నుండి చూస్తే ఎగువ. ఇక్కడ శివారు దూరాన్ని కాక వంతును చెబుతుంది. పైగా 2022 ఏప్రిల్ 4 నాటి పునర్విభజనలో విజయవాడ ఎన్టీఆర్ జిల్లాకు చేరగా కంకిపాడు మచిలీపట్నం కేంద్రంగా గల కృష్ణా జిల్లాలోనే నిలిచింది. నగరపు ఆజ్ఞ చెల్లే మేర అన్న మూలార్థం ఇక్కడ పొసగదు.

నివాసిని సూచించే 'బాన్‌ల్యూజార్' మరింత చిక్కు. తెలుగులో శివారు నేలకు విశేషణమే కాని మనిషికి పేరు కాలేదు. కంకిపాడు నుండి రోజూ బెజవాడ వెళ్లివచ్చే గుమాస్తా 'కంకిపాడు ఆయన'గానే ఉంటాడు.

మనుషులకు అంటుకునే మాట కావాలంటే 'వెలివాడ' ఉన్నది. 'లా హేన్' వంటి కృతుల చర్చలో అది ఆకర్షణీయంగానే తోచవచ్చు. కాని వెలివాడ దూరం వల్లనో పేదరికం వల్లనో ఏర్పడినది కాదు. కులం గీసిన గీత. అది ఊరిని ఆనుకొనే ఉంటుంది. 2016 జనవరిలో హైదరాబాదు విశ్వవిద్యాలయంలో దళిత విద్యార్థులు తమ నిరసన శిబిరానికి ఈ పేరు పెట్టినది క్యాంపస్ నడుమనే. ఆ పదాన్ని పారిస్ గృహసముదాయాలకు అరువిస్తే ఫ్రెంచి పాఠానికి ఒరిగేది తక్కువ. తెలుగులో కులం అన్న అర్థం పలచబడుతుంది.

అందుచేత పోలీసు, వలస ప్రస్తావనలున్న చోట 'బాన్‌ల్యూ'ను యథాతథంగా ఉంచడమే మేలు. కేవలం భౌగోళికార్థంలో శివారు చాలును. బాన్‌ల్యూజార్‌ను మాత్రం తెలుగు పద్ధతిలో ఊరిపేరుతో పిలవవచ్చు, ఆ ఊరు సెన్ నది ఒడ్డున ఉన్నా సరే.